ఎనుము పాలలో ఇనుము లేదమ్మా

రాయదుర్గం పక్క పల్లె నుంచి ఒక అమ్మాయి అడిగింది ఇదీ: పాపకి 19 నెలలు. అంగన్‌వాడీలో వేలు గుచ్చి చూస్తే హెచ్‌బి, అంటే రక్తంలో హిమోగ్లోబిన్, 8.4 గ్రాములు వచ్చింది. రోజూ పాలల్లో కాచిన రాగి మాల్ట్, బీట్‌రూట్ జ్యూస్, దానిమ్మ గింజలు పెడుతున్నారు. పాలు లీటరు దాకా తాగుతుంది, అన్నం మాత్రం ముట్టదు. గోడ సున్నం గీరుకుని తింటోంది. ఆశా అక్క ఐరన్ సిరప్ ఇస్తే నాలుగు రోజులు వేశారు, దొడ్డికి నల్లగా వచ్చేసరికి వేడి చేసిందని అత్తగారు ఆపించారు. ఇంజెక్షన్ వేయిస్తే తొందరగా పెరుగుతుందా అనేది చివరి ప్రశ్న.

అమ్మా, నేను డాక్టర్ని కాదు. ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లల్లో తిరిగే నర్సుగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైర్ అయ్యాను. 27 ఏళ్ల సర్వీసు, సగం ఆలూరు, ఆదోని వైపు, సగం అనంతపురం జిల్లాలో. మందు డోసు మీరు డాక్టర్ చేత రాయించుకోవాల్సిందే. కానీ మీరు రాసింది చదువుతుంటే నేను చూసిన ఇళ్లన్నీ కళ్ల ముందుకొచ్చాయి, అదే గ్లాసు, అదే గోడ, అదే అత్తగారు. మీ ఇంట్లో అందరూ ఇనుము దేంట్లో ఉంటుందా అని వెతుకుతున్నారు. దానికంటే ముందు చూడాల్సింది, పాప కడుపులోకి ఇనుము పోకుండా ఏది అడ్డం పడుతోంది అని.

మొదటి అడ్డం పాలు. లీటరు పాలు తాగిన బిడ్డకి అన్నానికి చోటెక్కడుంది చెప్పండి. మీరేమో అన్నం తినట్లేదు గదా, పాలైనా తాగనీ అని ఇంకో గ్లాసు పోస్తారు, ఆ గ్లాసు తాగినందుకే మధ్యాహ్నం మళ్లీ అన్నం తినదు. నేను తల్లులకి ఒక మాట చెప్పేదాన్ని, ఎనుము పాలలో ఇనుము లేదమ్మా అని. నవ్వేవాళ్లు, కానీ గుర్తుపెట్టుకునేవాళ్లు. ఆవుపాలైనా, ఎనుము (గేదె) పాలైనా లీటరుకి ఒక మిల్లీగ్రాము అటూ ఇటూగానే ఇనుము ఉంటుంది. మన దేశ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క ప్రకారం ఏడాది నుంచి మూడేళ్ల బిడ్డకి రోజుకి 8 మిల్లీగ్రాములు కావాలి. పైగా పాలలో ఉండే కాల్షియం పక్కనున్న తిండిలోని ఇనుముని కూడా సరిగా ఒంటబట్టనీయదు. ఏడాది లోపే పై పాలు పట్టిన పిల్లల్లో కొందరికి పేగు లోపల కంటికి కనిపించనంత రక్తం రోజూ కారుతుంది, అది ఇంకో నష్టం.

కాబట్టి రేపటి నుంచి పాలు రోజు మొత్తానికి 400 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న గ్లాసులు, అంతే. సీసా ఉంటే పారేయండి, గ్లాసుతోనే. తల్లిపాలు తాగుతుంటే అవి మాన్పించొద్దు, నేను చెప్పేది పై పాల గురించే. మూడు నాలుగు రోజులు ఏడుస్తుంది, మీ అత్తగారు మీ మీద కోప్పడతారు కూడా. ఐదో రోజుకి ఆకలేసి పళ్లెం వైపు చూస్తుంది. చూడకపోతే నన్ను తిట్టండి.

టీ సంగతి మీరు రాయలేదు, రాయలేదంటే ఇవ్వట్లేదని నేను అనుకోను, క్షమించండి. మన వైపు పొద్దున్నే అవ్వ తన గ్లాసులోంచి ఇంత టీ సాసర్లో పోసి, బన్ను ముంచి బిడ్డకి పెట్టడం ఎన్ని ఇళ్లల్లో చూశానో. అడిగితే "టీ ఎక్కడిస్తామమ్మా, ఊరికే బన్ను ముంచి పెడతాం" అంటారు. టీలో ఉండే టానిన్లు ఇనుముని పట్టేసుకుంటాయి, అది ఇక రక్తంలోకి పోదు. పెద్దవాళ్లు కూడా అన్నం తిన్న వెంటనే టీ తాగకూడదు, బిడ్డకైతే అసలే వద్దు, బన్నుతో కూడా.

ఇప్పుడు రాగుల దగ్గరికి వద్దాం, ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కనీసం పదేళ్లు ప్రతి తల్లికీ రాగి జావ తాపండి, రక్తం పడుతుంది అని చెప్పుకుంటూ తిరిగాను. ఎవరో చెప్పారు, నేనూ చెప్పాను. రాగులు మంచి ధాన్యమే, సంగటి తిని పెరిగిన దాన్ని నేను వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ రాగుల గొప్పతనం కాల్షియంలో ఉంది, వంద గ్రాములకి 300 మిల్లీగ్రాములకి పైనే. ఇనుము వంద గ్రాములకి నాలుగు, నాలుగున్నర మిల్లీగ్రాములు. మీరు మాల్ట్‌లో వేసేది రెండు చెంచాల పిండి, మహా అయితే 15 గ్రాములు. అంటే అర మిల్లీగ్రాము పైచిలుకు ఇనుము. అది కూడా పాలల్లో కాస్తున్నారు, రాగుల్లోనే ఇనుముని ఆపే ఫైటేట్లు, పైపొట్టు రంగులోని పదార్థాలు ఉంటాయి, ఇవన్నీ దాటి రక్తంలోకి చేరేది లెక్కలోకి వచ్చేంత కాదు. రాగులు నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన పిండి అయితే కొంత మేలు, రాత్రి పులవబెట్టిన అంబలి ఇంకొంత మేలు. పాలల్లో మాత్రం కాయొద్దు, నీళ్లల్లోనే కాచి కాస్త బెల్లం వేయండి. బెల్లంలో ఇనుము ఉంది గదా అంటారు, ఉంది, కానీ చిన్న ముక్క వేస్తే వచ్చేది అర మిల్లీగ్రాము కూడా కాదు, రుచికి వేసుకోండి.

బీట్‌రూట్, దానిమ్మ అయితే నాకు కోపం తెప్పించేవి. ఎర్రగా ఉన్నాయని రక్తం అనుకుంటాం. దానిమ్మలో వంద గ్రాములకి అర మిల్లీగ్రాము కూడా ఇనుము ఉండదు, బీట్‌రూట్‌లో ఒకటి లోపే. అనంతపురంలో దానిమ్మ తోటలున్న ఇళ్లల్లోనే తెల్లగా పాలిపోయిన పిల్లల్ని చూశాను. తోటలో పండింది తినండి, సంతోషంగా తినండి, కాకపోతే కేజీ ఇన్ని వందలు పోసి మందులాగా కొనొద్దు. ఆ డబ్బులతో కోడి కార్జం (లివర్) కొనండి.

మీరు మాంసం తినేవాళ్లయితే కార్జానికి సాటి వచ్చేది లేదు. కోడి కార్జంలో వంద గ్రాములకి సుమారు 9 మిల్లీగ్రాములు ఉంటుంది, అందులోని ఇనుము ఆకుకూరలో దానికంటే బాగా ఒంటబడుతుంది. చికెన్ అంగట్లో అడిగితే తక్కువ ధరకే ఇస్తాడు. పాప కోసం రెండు ముక్కలు చాలు. బాగా ఉడకబెట్టి, వేళ్లతో నలిపి, పలచటి పులుసుతో అన్నంలో కలిపి పెట్టండి, కారం మీ పెద్దవాళ్ల లెక్కన వేయొద్దు, మన కారానికి బిడ్డ రెండో ముద్ద తినదు. వారానికి ఒకసారి, రెండుసార్లు, అంతకు మించొద్దు, కార్జంలో ఎ విటమిన్ కూడా ఎక్కువే, రోజూ పెడితే అది ఒంట్లో పేరుకుంటుంది. గుడ్డు మంచిదే, అంగన్‌వాడీలో ఇచ్చేది తినిపించండి, కానీ గుడ్డుతో ప్రోటీన్ వస్తుంది, ఇనుముకి మాత్రం దాని మీద ఆధారపడలేం.

మాంసం ముట్టని ఇల్లయితే ఉలవలు, అలసందలు, శనగలు. ఉలవల్లో వంద గ్రాములకి 7, 8 మిల్లీగ్రాములు ఉంటుంది, సజ్జల్లో ఆరు పైనే. మన మెట్ట చేలల్లో పండేవే ఇవన్నీ, ఒకప్పుడు సాయంత్రం పూట ప్రతి ఇంట్లో గుగ్గిళ్లు ఉండేవి, ఇప్పుడు ఆ చోటులోకి ఐదు రూపాయల కుర్‌కురే పొట్లం వచ్చి కూర్చుంది. ఉలవలు నానబెట్టి, మొలకలు రానిచ్చి, మెత్తగా ఉడకబెట్టి రుబ్బి పెట్టండి. ఇలాంటి గింజల్లో, ఆకుల్లో ఉండే ఇనుము తనంతట తాను లోపలికి పోదు, పక్కన పులుపు ఉండాలి, అంటే సి విటమిన్ ఉన్న పులుపు. నిమ్మకాయ, జామకాయ, ఉసిరి, టమాటా. చింతపండు పులుపు నాలుక్కి పులుపే గానీ దాంట్లో సి విటమిన్ పెద్దగా ఉండదు. మన పుల్లగూర చూడండి, తోటకూరో చెంచలి ఆకో, కందిపప్పు, టమాటా అన్నీ కలిపి ఎనపడం. ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ బిడ్డకి అంతకంటే మంచి కూర నాకు తెలియదు. దాన్ని ఇనుప బాండలిలో వండితే పులుపుకి బాండలి ఇనుము కూడా కొంత కూరలోకి దిగుతుంది, రంగు కాస్త నల్లబడుతుంది, ఏం కాదు. దించాక ముద్దలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి, పొయ్యి మీద ఉండగా వేస్తే సి విటమిన్ వేడికి పోతుంది.

బుడ్డల (వేరుశనగల) గురించి ఒక్క మాట, మన జిల్లా పంట కాబట్టి. పొడి కొట్టి అన్నంలో కలపండి, ఉండ చేసి మెత్తగా దంచి పెట్టండి, గింజ గింజగా మాత్రం ఈ వయసులో ఇవ్వొద్దు. ఊపిరి గొట్టంలోకి పోయిన బుడ్డ గింజ కోసం రాత్రికి రాత్రి కర్నూలు పెద్దాసుపత్రికి పరిగెత్తిన తండ్రి ముఖం నాకింకా గుర్తుంది.

మీ స్టోర్ (రేషన్) బియ్యంలో తెల్లగా, కాస్త వేరుగా కనిపించే గింజలు వస్తే ఏరి పారేస్తున్నారా? చాలామంది ప్లాస్టిక్ బియ్యం అని ఏరేస్తారు, కడిగేటప్పుడు తేలేవాటిని తీసేస్తారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలోనే ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలాగా పోత పోస్తారు, వంద గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు. అలా కలిపిన బియ్యంలో కేజీకి 28 నుంచి 42 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉండాలని నియమం. బిడ్డ తినే గుప్పెడు బియ్యంతో ఒకటి రెండు మిల్లీగ్రాములు వస్తుంది, ఊరికే వచ్చేదాన్ని ఏరి కోళ్లకి వేయడం ఎందుకు? గంజి కూడా వంపేయకుండా అత్తెసరు పెట్టుకోండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్ నెలకి రెండున్నర కేజీలు, అది పాప పేరు మీద వచ్చేది, ఇంట్లో పెద్ద పిల్లలు, ఒక్కోసారి పెద్దవాళ్లు కూడా ఉండలు చేసుకుని తినేస్తుంటారు, మీ ఇంట్లో ఏమవుతుందో మీకే తెలుసు.

ఇంత చెప్పాక అసలు మాట. 8.4 అంటే తిండితో సరయ్యే దశ దాటిపోయింది. తిండి మళ్లీ పడిపోకుండా నిలబెడుతుంది, పైకి లేపేది మందే. ఈ వయసుకి 10.5 కంటే తగ్గితే రక్తహీనత అని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) గీత మార్చింది, అంతకు ముందు 11 ఉండేది. ఏ గీతతో చూసినా మీ పాపది మధ్య రకం, 7 దిగితే తీవ్రం, అప్పుడు సిరప్‌లు పట్టుకుని ఇంట్లో కూర్చోకుండా జిల్లా ఆసుపత్రికి పోవాలి. 7 పైన ఉన్నా బిడ్డ ఆయాసపడుతుంటే, కాళ్లు వాచితే, పాలు కూడా తాగలేక సోలిపోతుంటే అదే దారి.

ఆ సున్నం గీరడం కూడా ఇందులో భాగమే. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం, సున్నం తినడం చెడ్డ అలవాటు అని కొడతారు, వేలికి వేపాకు పూస్తారు. ఇనుము తగ్గిన బిడ్డకి అది ఆపుకోలేని యావ. కొట్టినా మానదు, మందు పడితే రెండు మూడు వారాల్లో తనంతట తనే మానేస్తుంది. ఆలూరు వైపు ఒక ఇంట్లో మూడేళ్ల వాడు తలుపు పక్కన గోడని తన ఎత్తు వరకూ సాఫుగా నాకేశాడు, దాని పైన సున్నం తెల్లగా అలాగే ఉంది. ఆ గోడకే గూడు ఉంది, గూట్లో దేవుడి పటం వెనక మేమిచ్చిన ఐరన్ సీసా ఉంది, మూత సీలు కూడా తీయలేదు. మా రిజిస్టర్లో ఆ పిల్లాడి పేరు ఎదురుగా నెల నెలా టిక్కు ఉంది, ఆ టిక్కులు పెట్టిందాన్ని నేనే. సీసా ఇచ్చినందుకు టిక్కు, తాగినందుకు కాదు. ఆ రోజు నుంచి నేను ఇళ్లకి పోయినప్పుడు మందు వేస్తున్నారా అని అడగడం మానేశాను, సీసా తెచ్చి చూపించమనేదాన్ని.

మీరు వేసింది ఎంత, ఎలా అనేది కూడా చూడాలి. ప్రభుత్వ సిరప్‌లో ఒక మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా అందరు పిల్లలకీ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేయమంటారు. అది రక్తం తగ్గకుండా వేసేది. ఇప్పటికే తగ్గిన బిడ్డకి ఆ లెక్క చాలదు, బరువుని బట్టి కేజీకి 3 మిల్లీగ్రాముల చొప్పున రోజూ వేయాలి. పాప 9 కేజీలుంటే రోజుకి 27 మిల్లీగ్రాములు అన్నమాట. చాలా ఇళ్లల్లో పొరపాటు ఇక్కడే జరుగుతుంది, హెచ్‌బి 8 ఉన్న బిడ్డకి వారానికి రెండుసార్లే మందు వేసి మూడు నెలల తర్వాత ఏం పెరగలేదంటారు. బయట మెడికల్ షాపులో కొంటే సీసా మీద "ఎలిమెంటల్ ఐరన్" అని రాసిన అంకె చూడండి, లవణం బరువు వేరు, అందులో ఇనుము బరువు వేరు, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. సీసా పట్టుకుని, బిడ్డని ఎత్తుకుని పీహెచ్‌సీకి పోయి, బరువు తూపించి, ఈ సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు వేయాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి.

వేసే విధానం: పొద్దున పాలకి కనీసం గంట ఎడంగా. ఖాళీ కడుపున బాగా పట్టుకుంటుంది, కానీ వాంతి చేసుకుంటే ఏదైనా కాస్త తిన్నాక వేయండి, రోజు డోసుని రెండు పూటలకి పంచుకోవచ్చు. బిడ్డని ఒళ్లో సగం పడుకోబెట్టుకుని, డ్రాపర్‌ని బుగ్గ లోపలికి, వెనక్కి పెట్టి నెమ్మదిగా వదలండి, ముందు పళ్ల మీద పడితే నల్ల చారలు వస్తాయి, తర్వాత రెండు చెంచాలు నిమ్మకాయ నీళ్లు తాపితే పళ్లూ శుభ్రం, ఇనుముకీ తోడు. ఆ చారలు పోయేవే, భయం లేదు.

నల్లగా దొడ్డికి రావడం వేడి కాదమ్మా. ఒంటబట్టని ఇనుము అలా బయటికి పోతుంది, అంతే. ఇంకా చెప్పాలంటే మందు కడుపులోకి పోతోందనడానికి అదే గుర్తు. మీ అత్తగారితో వాదించకండి, మందు మొదలుపెట్టే ముందే "అత్తా, రేపట్నుంచి నల్లగా వస్తుందంట, నర్సమ్మ చెప్పింది" అనేయండి. ముందే చెప్పిన ఇంట్లో ఎవరూ ఆపరు, చెప్పకుండా ఇచ్చిన ఇంట్లో నాలుగో రోజుకి ఆపేస్తారు, ఇందులో అత్తల తప్పు కంటే మా తప్పే ఎక్కువ. కాస్త గట్టిగా రావొచ్చు, నీళ్లు ఎక్కువ తాపండి. మందు వేయకుండానే తారులాగా జిగటగా నల్లగా వస్తే అది వేరే కథ, ఆసుపత్రికి పోవాలి. జ్వరం గట్టిగా ఉన్న రోజుల్లో సిరప్ ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి, మర్చిపోయి వదిలేయకండి.

ఇంజెక్షన్ వద్దు. నోటితో ఇచ్చిన దానికంటే అది పెద్ద తొందరగా ఏమీ పెంచదు, ఈ వయసులో పేగుకి జబ్బు ఉన్నవాళ్లకో, నోటి మందు అసలు పనిచేయనివాళ్లకో పెద్దాసుపత్రిలో ఇస్తారు. ఊర్లో ఎవరైనా సూదేసి రక్తం ఎక్కిస్తా అంటే దూరంగా ఉండండి.

ఎన్నాళ్లు? వారం పది రోజుల్లో ఆకలి, హుషారు తేడా తెలుస్తుంది, చిరాకు ఏడుపు తగ్గుతుంది. నెలకి హెచ్‌బి కనీసం ఒక గ్రాము పెరగాలి. రెండు నెలలకి మామూలుకి దగ్గర పడుతుంది, అప్పుడు ఆపేస్తారు అందరూ, అక్కడ ఆపకూడదు, ఒంట్లో నిల్వ నిండడానికి ఇంకో రెండు మూడు నెలలు డాక్టర్ చెప్పినట్టు వేయాలి. తల్లి కడుపులో చివరి మూడు నెలల్లో బిడ్డ దాచుకున్న ఇనుము ఆరు నెలలకి అయిపోతుంది, మీ పాప ఏడాదికి పైగా ఖాళీ డబ్బాతో నడుస్తోంది, అది నిండాలి. మెదడు పెరిగే వయసు కూడా ఇదే. కోస్టారికాలో పసితనంలో ఇనుము బాగా లోపించిన పిల్లల్ని 19 ఏళ్లు వచ్చేదాకా గమనించారు, మందుతో సరిచేసినా తెలివితేటల పరీక్షల్లో వెనకే ఉన్నారు, పేద ఇళ్లల్లో ఆ తేడా ఇంకా ఎక్కువైంది. భయపెట్టడానికి చెప్పట్లేదు, వచ్చే నెల చూద్దాంలే అనుకోకూడదని చెప్తున్నా.

నెలకి ఒక గ్రాము పెరగలేదంటే అప్పుడు వేరే ప్రశ్నలు. అసలు ఆ 8.4 నిజమేనా అనేది మొదటిది. వేలు గుచ్చాక రక్తం రాకపోతే గట్టిగా పిండుతారు, పిండితే రక్తంతో పాటు ఒంట్లో నీరు కూడా వచ్చి అంకె తగ్గుతుంది. మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, అది వేలు గుచ్చి చూసిన లెక్క. 2016-18లో దేశమంతా నరం నుంచి రక్తం తీసి చూసిన మరో సర్వేలో ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతం వచ్చింది. ఒకటి రాష్ట్రం లెక్క, ఒకటి దేశం లెక్క, ఏడాదులు వేరు, పద్ధతి వేరు, వయసు కూడా కాస్త వేరు, కానీ పద్ధతి కూడా అంకెని మార్చగలదని గుర్తుంచుకోండి. అందుకే మీరు మందు మొదలుపెట్టే ముందే నరం నుంచి రక్తం తీసి సీబీసీ, అంటే రక్త కణాల పరీక్ష, ఒకసారి చేయించండి. అందులో ఎంసీవీ అని ఉంటుంది, ఎర్ర కణం సైజు. ఇనుము తగ్గితే కణాలు చిన్నవవుతాయి. బి12 తగ్గితే పెద్దవవుతాయి, పాలు, పెరుగు, గుడ్డు ఏమీ తినకుండా తల్లి గడిపితే ఆమె పాలు తాగే బిడ్డకీ ఇది వస్తుంది, అప్పుడు ఐరన్ ఎంత పోసినా లాభం లేదు. కణాలు బాగా చిన్నగా ఉండి ఎర్ర కణాల సంఖ్య మాత్రం ఎక్కువ ఉంటే తలసేమియా, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త లోపం, దాని లక్షణం ఉందేమో చూడాలి. మన వైపు మేనరికాలు ఎక్కువ, ఇది అడగడానికి మొహమాటపడకండి, హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షతో తేలుతుంది.

నులిపురుగుల మందు కూడా చూసుకోండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకి సగం మాత్ర, పొడి చేసి నీళ్లల్లో. మెట్ట భూమి కదా ఇక్కడ పురుగులేంటి అనుకోవద్దు, తోటల కాలువల పక్కన, బోరు దగ్గర తడి నేల మీద వట్టి కాళ్లతో తిరిగే పిల్లలకి కాలి చర్మంలోంచే కొంకి పురుగు పోతుంది, అది పేగుకి కరుచుకుని రక్తం తాగుతుంది.

మీరు సుగ్గికి పోయేవాళ్లా? ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు పోయే ఇళ్లల్లో నాకు ఎప్పుడూ ఇదే టెన్షన్. పొలం పనికి మూటా ముల్లె సర్దుకుంటారు, సిరప్ సీసా గూట్లోనే ఉండిపోతుంది. పిల్లని అవ్వ దగ్గర వదిలితే అవ్వకి ఎన్ని చుక్కలో చెప్పి పోరు. పోతే రెండు నెలల సీసాలు, కార్డు మూటలో ముందు పెట్టండి. అక్కడి అంగన్‌వాడీలోనూ పాపకి ఇవ్వాల్సిందే, మా ఊరు కాదు అంటే ఊరుకోకండి.

ఒక హెచ్చరిక, ఇది నవ్వులాట కాదు. ఇంట్లో గర్భిణి ఉంటే ఎర్ర ఐరన్ మాత్రలు ఉంటాయి, ఒక్కో దాంట్లో 60 మిల్లీగ్రాములు. బిడ్డ కంటికి అవి జెమ్స్ బిళ్లల్లాగే కనిపిస్తాయి. 9 కేజీల బిడ్డ మూడు నాలుగు మింగినా విషమే, ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు. వాంతులు, విరేచనాలు అయ్యి తర్వాత కాసేపు బాగున్నట్టే ఉంటుంది, అది చూసి తగ్గిందనుకుంటారు, తగ్గలేదు. మింగిందని అనుమానం వచ్చినా సరే వెంటనే 108కి ఫోన్ చేయండి, మాత్రల పట్టీ చేతిలో పట్టుకుని పోండి. సిరప్ సీసా కూడా తియ్యగా ఉంటుంది, పాప అందుకోలేనంత ఎత్తున పెట్టండి, కానీ మీ కంటికి రోజూ కనపడే చోట, దేవుడి పటం వెనక వద్దు.

పాప బరువు ఎంతో మీరు రాయలేదు. సీబీసీ వచ్చాక హెచ్‌బితో పాటు ఎంసీవీ, ఎర్ర కణాల సంఖ్య కూడా రాయండి, సీసా మీద ఎలిమెంటల్ ఐరన్ ఎంతని ఉందో అది కూడా. ఇంకా, పాలు తగ్గించిన ఐదో రోజు మధ్యాహ్నం పాప ఎన్ని ముద్దలు తిందో చెప్పండి.